గుండ్రంగా పెట్టిన సంతకాలు

నాయకత్వం బడిలో నేర్పితే వచ్చే విద్యేనా అని ఈమధ్య ఎవరో అడిగారు. ఎందుకు రాదు, బ్రహ్మాండంగా వస్తుంది అన్నాను. నాకు అలాగే వచ్చింది. డెబ్బై తొమ్మిది డిసెంబరులో మొదలుపెట్టి ఎనభై ఫిబ్రవరి నెలాఖరుకల్లా పూర్తిగా నేర్పేశారు. ఇంకేం చదువులు మరిచిపోయినా ఆ మూడు నెలల చదువు మాత్రం మరిచిపోలేదు.

మా వూరు పూతలపట్టు నుంచి కాణిపాకం పోయే దోవలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వస్తుంది. చలికాలం వచ్చిందంటే వూరంతా ఒకటే వాసన, కాగే చెరకుపాల వాసన. నాలుగు గానుగలు ఆడేవి. అన్నిటికంటే పెద్దది మునిరామయ్యది. గానుగ ఆయనదే, సగం చెరకు తోటలు ఆయనవే, మా హైస్కూలు కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. వూళ్ళో ప్రెసిడెంటు అంటే ఇంకో ప్రెసిడెంటు లేడు.

ఆ గానుగలో పాకం చూసే మనిషి మా నాయన చౌడప్ప. చెరకుపాలు పెనంలో కాగి చిక్కబడ్డాక ఏ నిమిషంలో దించాలో చెప్పడం ఆయన పని. ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఆలస్యం చేస్తే మాడి నల్లబడుతుంది. చెయ్యి చన్నీళ్ళలో ముంచి, కుతకుత ఉడికే పాకంలోంచి రవ్వంత వేళ్ళతో తీసి, మళ్ళీ నీళ్ళలో పెట్టి ఉండ చేసి చూసేవాడు. ఇరవై ఏళ్ళు అలా చేసీ చేసీ ఆయన బొటనవేలూ చూపుడువేలూ గాజుముక్కల్లా నున్నగా అయిపోయాయి. వేలి మీద ఒక్క గీత మిగల్లేదు. "మీ నాయనకు బెమ్మ రాసిన రాత కూడా పాకంలో కరిగిపోయిందిలే" అని మా అమ్మ సుబ్బులమ్మ ఎగతాళి చేసేది.

నేను ఆయనకు ఒక్కతే కూతుర్ని. పేరు సంతోషమ్మ. పేరు పెట్టినవాళ్ళు అంతదూరం ఆలోచించి ఉండరు. అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మార్చిలో పబ్లిక్ పరీక్ష రాయాలి. పాసయితే తిరుపతిలో టీచరు ట్రైనింగుకు పంపిస్తానని నాయన వూరంతా చెప్పుకున్నాడు.

ఆ ఏడు జూన్‌లో తిరుపతి నుంచి కోదండం సారు సోషల్ చెప్పడానికి వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎండాకాలంలో ఎక్కడో పది రోజులు 'విద్యార్థులలో నాయకత్వం' అని శిక్షణ అయ్యి వచ్చారట. ఆ వేడి ఇంకా దిగలేదు. జనవరిలో దేశమంతా పార్లమెంటు ఎలక్షన్లు. మా వూరి గోడల మీద గుర్తులు వేస్తున్నారు. అది చూసి సారుకు ఊపు వచ్చింది. "మన బడిలో కూడా పార్లమెంటు పెడదాం. మీరే ఓట్లు వేసి మీ ప్రధానమంత్రిని ఎన్నుకోండి" అన్నారు.

అంతకు ముందు స్కూలు లీడరంటే మునిరామయ్య ఇంటి పిల్లకాయలే. ఇప్పుడూ ఆయన కొడుకు జయరామ్ నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. పాత నోట్సు కాగితాలు కత్తిరించి ఓట్లు చేశారు, సుద్దముక్కల పెట్టెకు బొక్క పెట్టి ఓటు పెట్టె చేశారు. నేను పంతొమ్మిది ఓట్లతో గెలిచాను. గానుగ ఇంజను చప్పుడులో నాయనను కేకేసి కేకేసి నాకు గొంతు బాగా లేచింది, ఆ గొంతే నన్ను గెలిపించింది. జయరామ్ మంచివాడు. ఓడిపోయినందుకు ఏడవలేదు. ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నాడు.

ప్రతి శనివారం ఆఖరి రెండు పీరియడ్లు మా పార్లమెంటు. ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి, ఎదుటివాడి కళ్ళలోకి ఎలా చూడాలి, అన్నీ సారు చేసి చూపించేవారు. "తల దించుకుని అడిగితే అది బిచ్చం. తల ఎత్తుకుని అడిగితే అది హక్కు" అనేవారు. నేను ఆ మాట నోట్సు అట్ట మీద రాసుకున్నాను. ఇంకొక కిటుకు కూడా చెప్పారు. పదిమంది కలిసి పెద్దలకు అర్జీ పెట్టుకోవాలంటే కింద వరసగా సంతకాలు చేయకూడదట. వరసలో మొదటివాణ్ణి పట్టుకుని వేధిస్తారట. కాగితం మధ్యలో విషయం రాసి దాని చుట్టూ గుండ్రంగా సంతకాలు పెడితే మొదలూ తెలీదు, తుదీ తెలీదు, ఎవరినీ ఏమీ చేయలేరు. ఆ రోజు మేమంతా సంబరంగా గుండ్రంగా సంతకాలు పెట్టడం ప్రాక్టీసు చేశాం.

గంగులమ్మ నా పక్క బెంచీలో కూర్చునేది. లెక్కల్లో మా అందరికంటే ముందు. పండగ సెలవులు అయ్యాక బడికి రాలేదు. ఎందుకు రాలేదో వూళ్ళో అందరికీ తెలుసు. మునిరామయ్య గానుగలో ఒక ఆనవాయితీ ఉంది. గానుగ పనికి ఒక మనిషి వస్తే వెంట ఒక తోడు చెయ్యి రావాలి. పిప్పి ఎండబోసి, మోసుకొచ్చి, పొయ్యిలో వేస్తూ ఉండాలి. తోడు చేతికి కూలి లేదు, తాగినన్ని చెరకుపాలు, పోయేటప్పుడు ఒక ముద్ద బెల్లం. ఆడపిల్లో మగపిల్లో ఇంట్లో ఎవరుంటే వాళ్ళు. గంగులమ్మ వాళ్ళమ్మ కుప్పమ్మ గానుగకు చెరకు అందించేది, అందుకని గంగులమ్మ తోడు చెయ్యి. మా నాయన పాకం మనిషి కాబట్టి ఆయనకు ఈ లెక్క లేదు. ఆ ఏడు మా బడి పిల్లలు ఏడుగురు ఆ గానుగలో ఉన్నారు. మిగతా ఆరుగురూ చిన్న తరగతులు, మళ్ళీ ఏడాది చదువుకుంటారు. గంగులమ్మ మాత్రం హాజరు చాలకపోతే పబ్లిక్ పరీక్షకు కూర్చోలేదు.

ఫిబ్రవరి మొదటి శనివారం పార్లమెంటులో నేను లేచాను. "సార్, గంగులమ్మ రాక పద్నాలుగు రోజులైంది. ఇంకో పది రోజులైతే పరీక్ష పోతుంది సార్."

సారు కుర్చీలోంచి లేచి బల్ల ముందుకు వచ్చారు. ఆయన మొహం వెలిగిపోయింది. "మరి ప్రధానమంత్రి గారూ, మీ ప్రభుత్వం ఏం చేస్తోంది?"

నేను జయరామ్ వైపు చూశాను. వాడు తలకాయ గోక్కుంటూ లేచాడు. "అధ్యక్షా, అది మా గానుగే. మా నాయనను అడిగితే తంతాడు. అందురూ కలిసి అడిగితే తన్నడేమో." క్లాసంతా నవ్వింది.

"కాగితం మీద పెట్టండి" అన్నారు సారు. "నేర్చుకున్నది వాడకపోతే నేర్చుకుని ఎందుకు? హెడ్మాస్టరు గారి చేతికి నేనే ఇస్తాను."

మధ్యలో ఏడు వాక్యాలు రాశాను. గానుగ ఆడే మూడు నెలలూ పిల్లల్ని తోడు చేతులుగా పెట్టుకోవద్దని, గంగులమ్మను వెంటనే బడికి పంపాలని. చుట్టూ నలభై ఒక్క సంతకాలు. జయరామ్ కూడా పెట్టాడు, వంకరటింకర అక్షరాలతో, అందరికంటే పెద్దగా.

ఇక్కడిదాకా సారు పాఠం. ఇక మీదట నా సొంత తెలివి. ఆదివారం ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయాను. నాయన మధ్యాహ్నం సంగటి తినడానికి వచ్చినప్పుడు ముందర పరిచి, మొత్తం చదివి వినిపించాను. ఆయన ముద్ద చేతిలో పెట్టుకుని విన్నాడు.

"ఇంత బాగా నువ్వే రాసినావా మే?"

"నేనే నాయనా. చూడు, నలభై ఒక్కమంది. ఈడ కొంచెం సందు ఉండాది. నువ్వు కూడా వేస్తే పెద్దోళ్ళది ఒకటి ఉన్నట్టుంటాది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అరిచింది. "నీకేం పని అబ్బా దాంట్లో? పిలకాయల ఆట పిలకాయలు ఆడుకుంటారు. ఆ మనిషి ఉప్పు తింటా ఉండావు, అది గ్యాపకం పెట్టుకో."

నాయన కాసేపు ఆ కాగితాన్ని చూశాడు. చదవలేడు గానీ, చుట్టూ ఉన్న పేర్లన్నిటి మీదా వేలు తిప్పుకుంటూ పోయాడు. "కుప్పమ్మ బిడ్డ దినామూ నా ముందరే పిప్పి మోస్తా ఉండాది. చూసి చూడనట్టు ఉండాను. కూతురు లీడరై, నాయన భయపడేది బాగుండదు సుబ్బులూ" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నా పెన్ను సిరా బొటనవేలికి రాయించుకుని, ఆ సందులో పెట్టి గట్టిగా నొక్కాడు. నల్లటి మచ్చలా పడింది. ఊది ఊది ఆరబెట్టాను. నా జన్మలో అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

సారు సోమవారం కాగితాన్ని హెడ్మాస్టరు రాజారత్నం గారికి ఇచ్చారు. ఆయన చదివి, మడిచి, సాయంత్రం పోయేటప్పుడు మునిరామయ్య చేతిలో పెట్టి పోయాడు. కమిటీ ప్రెసిడెంటుకు చెందాల్సిన కాగితం ప్రెసిడెంటుకు చెందింది, అందులో తప్పేముంది?

బుధవారం మధ్యాహ్నం నాయనకు సంగటి తీసుకుని గానుగకు పోయాను. పెనం పొంగుమీద ఉంది. మునిరామయ్య మోటారు సైకిలు దిగి, నులక మంచం మీద కూర్చుని, ఇంజను ఆపమన్నాడు. పొద్దున్నుంచీ ఆడే ఇంజను ఆగేసరికి అందరూ చేతులాపి చూశారు. పాకం ఉడికే చప్పుడు ఒక్కటే వినబడుతోంది. గంగులమ్మ పిప్పి మోపు దించి పొయ్యి పక్కన నిలబడింది.

"సౌడప్పా, ఈడికి రా" అన్నాడాయన. జేబులోంచి కాగితం తీశాడు. "సూడు, ఎంత బాగా రాసినారో మన పిలకాయలు. ముగ్గు ఏసినట్టు సుట్టూ ఏసినారు. ఎవురు ముందో ఎవురు ఎనకో ఆ దేవుడికి గూడా తెలీదు. బలే సదువు సెప్తా ఉండాడు ఆ తిరపతి సారు."

కోపమే లేదు ఆ గొంతులో. నాయన తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"అందురూ సంతకాలు పెట్టినారు. మావోడు గూడా పెట్టినాడు, పోనీ, సిన్నోడు. ఈ ఏలిముద్ర ఎవురిదప్పా? మన ఇస్కూల్లో ఏలిముద్ర ఏసే పిలకాయ ఎవురు?"

చుట్టూ సంతకాల్లో ఎవరినీ కనుక్కోలేరని సారు చెప్పిన కాగితంలో, నా నాయనను మాత్రం నేనే వేలు పెట్టి చూపించాను. ముందుకు వచ్చి, తల ఎత్తి, 'నేనే వేయించాను' అనాలి. ప్రధానమంత్రిని కదా. సంగటి గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాను.

"నాదే సామీ" అన్నాడు నాయన.

"తెలుసులే. గీతల్లేని ఏలు ఈ సుట్టుపక్కల ఇంకెవురికి ఉండాది?"

"బిడ్డ అడిగింది, ఏసినాను."

"సరే. బిడ్డ మాట తీసెయ్యకూడదు." మునిరామయ్య కాగితాన్ని మళ్ళీ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పెనం దించేసి పో. రేపట్నించి రావొద్దు."

ఇంజను మళ్ళీ ఆడింది. నాయన పెనం దగ్గరికి పోయాడు. చెయ్యి నీళ్ళలో ముంచాడు, పాకం తీశాడు, ఉండ చేసి చూశాడు, ఇంకొంచెం అన్నాడు, మళ్ళీ చూశాడు, దించమన్నాడు. ఆ పెనం బెల్లం అంత పచ్చగా, అంత గట్టిగా ఆ ఏడు ఇంకెప్పుడూ దిగలేదని తర్వాత వూళ్ళోవాళ్ళే అన్నారు. నేను తెచ్చిన సంగటి ఆయన తినలేదు. నాతో ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. తుండుగుడ్డ భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు, వెనక నేను.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నలభై ఒక్కమంది అడిగితే ఒక్క మా ఇంటి పొయ్యి ఆరింది. మిగతా మూడు గానుగల వాళ్ళూ నాయనను లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపించారు గానీ పనికి రమ్మనలేదు. ప్రెసిడెంటు వద్దన్న మనిషిని పెట్టుకునేంత ధైర్యం వాళ్ళకెక్కడిది? అమ్మ పూతలపట్టులో చింతపండు కొట్టే పనికి పోయింది. ఒక్కదాని కూలి చాలలేదు, నన్నూ తీసుకుపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చింతకాయలు కొట్టడం, గింజ తీయడం. గంగులమ్మను బడికి పిలవడానికి పోయినదాన్ని, నేనే బడి మానేశాను. గంగులమ్మ గానుగలోనే ఉంది.

నాయన తిన్నె మీద కూర్చుని ఉండేవాడు. సాయంత్రం మేమొచ్చేసరికి గాలి గానుగల వైపు నుంచి వీస్తుంటే ముక్కు ఎగబీల్చి, "ముదిరిపోయింది పాకం, మాడగొట్టినాడు" అనేవాడు. మరోరోజు "తొందరపడినాడు, ఇది గట్టిపడదు" అనేవాడు. అరమైలు దూరం నుంచి వాసనతో చెప్పేవాడు. తిట్టినా, ఒక దెబ్బ వేసినా నాకు బాగుండేది. అమ్మ మాత్రం ఆ కొదవ తీర్చింది. "లీడరంట, లీడరు! ముందు ఆ చింతగింజలు ఏరు" అనేది.

పద్దెనిమిది రోజుల తర్వాత, ఒక ఆదివారం పొద్దున, కోదండం సారు మా ఇంటికి వచ్చారు. ఊరక రారు మహానుభావులు అంటారు కదా. అమ్మ మంచం వాల్చింది. ఆయన అంచు మీద కూర్చున్నారు. కళ్ళలోకి చూసి మాట్లాడమని నేర్పిన మనిషి మా ఇంటి నేల వైపు చూస్తూ మాట్లాడారు.

జరిగిందేమిటంటే, ఆ కాగితాన్ని హెడ్మాస్టరుకు ఇచ్చే ముందు సారు ఒక నకలు రాసి చిత్తూరులో విద్యాశాఖ ఆఫీసుకు పోస్టు చేశారు. అప్పటి ఆవేశంలో చేశారు, అది నిజం. ఆయనలో ఆ మాత్రం నిజాయితీ ఉండింది. ఇప్పుడు చిత్తూరు నుంచి ఒక పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షనుకు వస్తున్నాడు. విద్యార్థుల పార్లమెంటు చూస్తాడట, ఆ అర్జీ సంగతి విచారిస్తాడట.

"నన్ను దూరం ట్రాన్స్‌ఫర్ చేయిస్తామంటున్నారమ్మా. మా ఇంట్లో ఆమెకు ఏడో నెల" అన్నారు సారు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. "ప్రశ్నలూ జవాబులూ రాసుకొచ్చాను. నువ్వే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా ఆఫీసరు నమ్మడు. ప్రెసిడెంటు గారు మాటిచ్చారు. ఆఫీసరు వచ్చి పోయిన మర్నాటి నుంచే మీ నాయన పెనం దగ్గరికి పోవచ్చు. నీ హాజరు హెడ్మాస్టరు గారు సర్దుతారు. నువ్వు పరీక్ష రాయొచ్చు."

"గంగులమ్మ సార్?"

"ఆ రోజు గంగులమ్మ కూడా బడికి వస్తుంది."

"ఆ మర్నాడు?"

సారు కాగితం మడతలు విప్పి మంచం మీద పరిచారు. జవాబు అమ్మ చెప్పింది. "సారూ, మీరు సెప్పిన సదువు ఇనే ఈ గతికి వచ్చినాము. ఇప్పుడు సెప్పేది గూడా ఇంటాము, వేరే దోవ ఏముండాది?"

నేను నాయన వైపు చూశాను. ఆయన వద్దంటే ఆ కాగితం సారు మొహాన కొట్టేదాన్ని. అనాలని నా ప్రాణమంతా కోరుకుంది. ఆయన "సదువు పోకూడదు మే" అని లేచి, మేకకు నీళ్ళు పెట్టడానికి పెరట్లోకి పోయాడు. అక్కడికి మా ఇంట్లో ఏదో తెగిపోయింది, అందరం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం కూడా. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. నాకు పరీక్ష రాయాలని ఉండింది. గంగులమ్మకు ఎలాగూ పోయింది, నాది కూడా ఎందుకు పోవాలి అనే ఆలోచన నాకు ఎవరూ నేర్పలేదు, నాకే వచ్చింది.

ఫిబ్రవరి ఇరవై అయిదున బడి ముందు షామియానా వేశారు. ఆఫీసరు మంచి మనిషిలానే ఉన్నాడు, లావు కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. ఒక పక్క హెడ్మాస్టరు, ఒక పక్క మునిరామయ్య. ముందు బెంచీలో గంగులమ్మ కూర్చుని ఉంది. తలంటి, రెండు జడలు వేసి, మునిరామయ్య ఇంటి నుంచి వచ్చిన ఆకుపచ్చ ఓణీ వేయించారు. చేతుల నలుపు మాత్రం ఒక్కరోజు స్నానంతో పోదు కదా, ఓణీ కొంగు కింద దాచుకుంది.

నాలుగైదు ప్రశ్నలు అయ్యాయి, మంచినీళ్ళ కుండలూ ఆటవస్తువులూ. అప్పుడు జయరామ్ లేచాడు. కాగితం చూసి చదివాడు, అంతకుముందు ఎప్పుడూ చూసి చదివినవాడు కాదు. "అధ్యక్షా, మన వూరిలో గానుగ పనుల కోసం బడి మానిన విద్యార్థులు ఎంతమందో ప్రధానమంత్రి గారు సభకు తెలియజేస్తారా?"

నేను లేచి నిలబడ్డాను. వీపు నిటారుగా పెట్టాను. ఆఫీసరు గారి కళ్ళద్దాల్లోకి సూటిగా చూశాను. గొంతు ఎక్కడా వణకలేదు.

"ఒక్కరూ లేరు అధ్యక్షా. చిత్తూరుకు వచ్చిన కాగితం మేము శనివారం తరగతిలో అభ్యాసం కోసం రాసుకున్నది. అందులో పేరున్న గంగులమ్మ మా తరగతిలోనే చదువుతోంది. ఇక్కడే ఉంది."

"ఏదీ, గంగులమ్మ ఎవరమ్మా?" అన్నాడు ఆఫీసరు. గంగులమ్మ లేచి నమస్కారం చేసింది. ఆయన నవ్వాడు. ఫైలులో ఏదో రాసుకున్నాడు. ఆఖర్లో మాట్లాడుతూ, "ఈ ప్రధానమంత్రి అమ్మాయిని చూడండి. మాట తడబడలేదు, చూపు తిప్పలేదు. నాయకత్వ లక్షణాలంటే ఇవి. కోదండం గారి కృషి జిల్లాలో మిగతా బడులకు కూడా తెలియాలి" అన్నాడు. చప్పట్లు మోగాయి. మునిరామయ్య అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

తర్వాత ఏమైందని అడుగుతారు కనుక అది ముందే చెప్పేస్తాను. మర్నాడు నాయన పెనం దగ్గరికి పోయాడు. మునిరామయ్య మాట తప్పే మనిషి కాదు. నేను పరీక్ష రాసి సెకండు క్లాసులో పాసయ్యాను, టీచరు ట్రైనింగయ్యాను, ముప్పై రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. సారుకు ప్రశంసాపత్రం వచ్చింది, ట్రాన్స్‌ఫర్ రాలేదు. నాయనా నేనూ ఆ సభ గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆయన నాతో బాగానే ఉండేవాడు, కాస్త మర్యాదగా, ఇంటికి వచ్చిన ఆఫీసరుతో ఉన్నట్టు. పోయేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రోజు సభ అయ్యాక ఆఫీసరు కాఫీకి కూర్చున్నాడు. నేను బయటికి వచ్చాను. బడి గోడ అవతల కుప్పమ్మ పాత ఓణీ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. గంగులమ్మ గోడ చాటున ఆకుపచ్చ ఓణీ విప్పి, ఆ పాతది వేసుకుని, పచ్చదాన్ని మడతలు పోకుండా మడిచి నా చేతికి ఇచ్చింది. "ప్రెసిడెంటు గారింట్లో ఇచ్చెయ్ మే" అంది.

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. మొహాన ఉమ్మినా తుడుచుకునేదాన్ని.

"బలే సెప్పినావు మే సంతోషీ" అంది గంగులమ్మ. నవ్వుతోంది. "నువ్వు అట్ట గట్టిగా సెప్తా ఉంటే, నేను నిజంగానే దినామూ బడికి వస్తా ఉండానేమో అనిపించింది."

"బిన్నా రా మే, పొయ్యి ఆరిపోతాది" అని కుప్పమ్మ కేకేసింది. గంగులమ్మ జడలు విప్పుకుంటూ పరుగెత్తింది.

వెక్కిరించి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. అది వెక్కిరించలేదు.